రోజూ అదే మీటరు

మా రెండు షాపులకీ మధ్య ఉన్నది గోడ కాదు, ఇనప రేకు. కాబట్టి పక్కవాళ్ళ సంగతులు నేను చెవి పెట్టి విన్నానని ఎవరైనా అంటే ఊరుకోను. ఇటు నేను పడవలకి టార్పాలిన్లు కుడతాను. అటు ముల్లమ్మ, ఆమె కొడుకు, కోడలు పడవల మీటర్లు బాగుచేస్తారు. నా మిషన్ ఆగితే చాలు, వాళ్ళు గుటక వేసినా నాకు వినిపిస్తుంది.

ముల్లమ్మ అసలు పేరేమిటో రేవులో ఎవరికీ తెలియదు. మీటరులో తిరిగే ముల్లుని బట్టి ఆ పేరొచ్చిందని ఆమె అనుకుంటుంది. ఆమె నోట్లో పడ్డవాళ్ళు ఇంకో కారణం చెబుతారు. నేను మొదటిసారి ఆమె గుమ్మంలో నిలబడి "పెద్దమ్మా, కాస్త మందపాటి దారం ఉందా?" అని అడిగితే, "దారం ఉంది, నీకు ఇవ్వాలన్న బుద్ధే లేదు" అంది. అయినా ఇచ్చింది. ఇచ్చాక వారం రోజులు ఆ దారం సంగతి పడవ పడవకీ చెప్పింది.

ఆ ఇంటి పని ఏమిటంటే, వెలిసిపోయిన మీటరుని మళ్ళీ కళ్ళకి ఆనేలా చెయ్యడం. ఎండకీ ఉప్పుగాలికీ కొన్నాళ్ళకి నల్లటి డయల్ బూడిద రంగుకి దిగుతుంది. తెల్ల అంకెలు పసుపుబారి, ఆపైన ఉన్నాయో లేవో తెలియకుండా పోతాయి. లోపలి యంత్రం మాత్రం గుండ్రాయిలా ఉంటుంది. పారేసి కొత్తది బిగించుకోవచ్చు కదా అంటే, కొత్తవి పాత బోర్డుల కన్నాల్లో పట్టవు. పట్టినా రెండు వేసవులు ఆగవు. అందుకని పడవల మీద పెద్దలైన సరంగులు పాతవాటినే ఊడదీసి గుడ్డలో చుట్టి ముల్లమ్మ దగ్గరికి పట్టుకొచ్చేవారు. ఆమె రింగు విప్పి, అద్దం తీసి, ముల్లు లాగి పక్కన పెట్టి, డయల్ కడిగి, నల్లరంగు కొట్టించి, అది గట్టిపడ్డాక సన్న కుంచెతో అంకెలు మళ్ళీ రాసేది. కిటికీ పక్కన కుర్చీ ఆమెది. ఆ కుర్చీలో ఆమె తప్ప ఎవరూ కూర్చోకూడదు. ఆ కుంచె ఆమె తప్ప ఎవరూ ముట్టకూడదు.

కోడలికి దక్కింది రింగులు తోమడం, అద్దాలు తుడవడం. "నీ చెయ్యి అంట్లకి పనికొస్తుందే, అంకెలకి కాదు" అనేది ముల్లమ్మ. ఆ పిల్ల నోరెత్తేది కాదు. మధ్యాహ్నం అత్తగారు భోజనానికి వెళ్ళగానే నా దగ్గరికొచ్చి, మిగిలిపోయిన టార్పాలిన్ ముక్కల మీద అంకెలు రాసేది. నాకు చదువు అంతంతమాత్రం కానీ మంచి గీత ఏదో, పిచ్చి గీత ఏదో తెలుసు. ఆ పిల్ల చెయ్యి మంచిది.

ఒకసారి ధైర్యం చేసి, అత్తగారు లేనప్పుడు చిన్న డయల్ ఒకటి తనే రాసి బల్ల మీద పెట్టింది. ముల్లమ్మ వచ్చి చూసింది. బయట టీ తాగుతున్న సరంగులని కేకేసి లోపలికి పిలిచింది. "రండి రండి, మా కోడలు కోడిపిల్లని రంగులో ముంచి దీని మీద నడిపించింది. చూసి పోదురుగాని" అంది. వాళ్ళు నవ్వారు. ముల్లమ్మ హాస్యమాడితే నవ్వని సరంగుకి మీటరు ఆలస్యమవుతుందని రేవంతటికీ తెలుసు. కోడలు కూడా నవ్వింది. అలా నవ్వాల్సి రావడం కంటే చెంపదెబ్బ నయం.

ఇలా ఉండగా ముల్లమ్మ తప్పు చేసింది.

ఇంజిన్ వేడి చూపించే మీటరుకి ఎర్ర గీత కుడివైపు ఉంటుంది. వేడి పెరిగితే ప్రమాదం కాబట్టి. ఆయిల్ ఒత్తిడి చూపించే మీటరుకి ఎర్ర గీత ఎడమవైపు, సున్నా దగ్గర ఉంటుంది. ఒత్తిడి పడిపోతే ప్రమాదం కాబట్టి. రెండు డయళ్ళూ ఒకే సైజు. ఏది ఏదో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముల్లమ్మ ఒక లాంచీ తాలూకు ఆయిల్ మీటరుకి అంకెలన్నీ సరిగ్గా రాసి, ఎరుపు మాత్రం కుడివైపు వేసింది. అద్దం బిగించేటప్పుడు కొడుకైనా చూడాలి. అమ్మ రాసినదాన్ని తను చూడటమేమిటని చూడలేదు. ఆ లాంచీకి కొత్త డ్రైవరు. అతను రంగు చూస్తాడు తప్ప అంకె చూడడు. ముల్లు సున్నా మీద పడుకుని ఉంటే, ఎరుపులో లేదు కదా అని హాయిగా నడుపుకుంటూ పోయాడు. నడి నీళ్ళలో ఇంజిన్ పట్టేసింది. లాంచీ నిండా జనం. ఇంకో పడవ వచ్చి తాడు కట్టి లాగేదాకా వాళ్ళు దేవుణ్ణీ డ్రైవర్నీ కలిపి తిట్టారు.

ఆ లాంచీ సరంగు మీటరు పట్టుకుని వచ్చినప్పుడు ముల్లమ్మ భోజనానికి వెళ్ళింది. కొడుకు అతని చేతులు పట్టుకుని, "తప్పు నాదన్నా, ఎరుపు నేనే వేశాను, అమ్మ కాదు" అన్నాడు. తరవాత కళ్ళజోడు మార్పిద్దామని చెప్పి తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు కొడుకుని బయటికి పిలిచి, ఆమె కంట్లో నడిమి భాగం పాడైపోయిందని, పక్కల నుంచి కనిపిస్తుంది గానీ సూటిగా చూసింది కనిపించదని, దానికి ఆపరేషన్ లేదని చెప్పాడట. కొడుకు లోపలికెళ్ళి, "ఏం లేదమ్మా, అద్దాలు మారిస్తే చాలట" అన్నాడు.

ఆ సాయంత్రం రేకు అవతల మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం విన్నాను.

"ఆ కుర్చీలోంచి లేవమంటే అమ్మ బతకదు" అన్నాడు కొడుకు.

"లేవమనకండి. కూర్చోనివ్వండి."

"కూర్చుంటే పని అడుగుతుంది కదే!"

"ఇద్దాం. తుక్కు డబ్బాలో ఆయిల్ మీటరొకటి ఉంది, యంత్రం చచ్చిపోయింది, దానికోసం ఎవరూ రారు. పొద్దున అది ఇద్దాం. రోజంతా రాసుకుంటారు. సాయంత్రం ఇంటికెళ్ళాక థిన్నర్ పెట్టి తుడిచేస్తాను. తెల్లరంగు పచ్చిగా ఉంటుంది కాబట్టి వచ్చేస్తుంది. మర్నాడు మళ్ళీ అదే ఇద్దాం."

"పాపం కాదూ?"

"మీకింకేమైనా తోస్తే చెప్పండి."

అతనికేమీ తోచలేదు. అతనికి ఎప్పుడూ ఏమీ తోచదు. అలాంటి మగవాళ్ళని మంచివాళ్ళంటారు.

మర్నాటి నుంచి ముల్లమ్మకి రోజూ అదే మీటరు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, తల కాస్త వంచి, ఓరగా చూస్తూ రాసేది. ఇంతకుముందు గంటలో అయ్యే పని రోజంతా పట్టేది. వెనక గదిలో, తెర చాటున, కోడలు అసలు మీటర్లు రాసేది. ఎరుపు ఎటు వెయ్యాలో రెండుసార్లు చూసుకునేది. ఆమె అంకెలు ముల్లమ్మ అంకెల్లాగే ఉండేవి. అసలు చెప్పాలంటే ఇంకా నిటారుగా ఉండేవి. సరంగులు వచ్చి మీటర్లు చూసుకుని, "పెద్దావిడ చెయ్యి ఇసుమంతైనా తగ్గలేదు" అని కుర్చీ వైపు తిరిగి దణ్ణం పెట్టి పోయేవారు. ముల్లమ్మ తల పంకించేది. కోడలు తెర వెనక నుంచి కళ్ళెర్రజేసి చూసేది.

అన్నేళ్ళు కుంచె ముట్టనివ్వలేదు. ఇప్పుడు ముట్టుకుంటే ఆ పేరు కూడా అత్తగారికే పోతోంది. ఆ మంట నాకర్థమైంది. అది ఎటు తిరుగుతుందో మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

ఒకరోజు నా మిషన్‌లో దారం తెగి, ఎక్కించుకుంటున్నాను. రేకు అవతల కోడలు గొంతు తేనెలా వినిపించింది.

"అత్తయ్యా, మీరు నిన్న రాసిన మీటరు తిప్పి పంపారండీ. అరవైలో ఆరు పక్కకి పడిపోతున్నట్టు ఉందట."

ముందురోజు సాయంత్రం కోడలు దాన్ని తుడవకుండా ఉంచిందన్నమాట.

"ఎవరన్నారే?"

"సరంగే. అందరిలోనూ అన్నాడట."

"ఇటు తే. సరిచేసిస్తాను. ఏదీ, ఎక్కడ పడిపోతోంది?"

"మీకు కనిపించట్లేదా అత్తయ్యా?"

"కనిపిస్తోంది, ఎందుకు కనిపించదు!" అంది ముల్లమ్మ. తరవాత గొంతు తగ్గించి, "అబ్బాయికి చెప్పకే" అంది.

ముల్లమ్మ నోటి వెంట బతిమాలే మాట వినడం నాకదే మొదలు. కోడలు మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి అదంతా నటించి చూపించింది, అత్తగారి గొంతుతో సహా. బాగా చేసింది. నేను పగలబడి నవ్వాను. కోడిపిల్ల సంగతి నాకు గుర్తుంది మరి.

అయితే అది ఒక రోజుతో ఆగలేదు. రోజు విడిచి రోజు ఏదో ఒక ఫిర్యాదు. ఒకనాడు సున్నా చితికిందని. ఒకనాడు ఎనభై కనబడటం లేదని. "ఎవరో ముసలాళ్ళు రాసినట్టుంది అన్నాడట అత్తయ్యా, నాకు ఒళ్ళు మండిపోయిందనుకోండి" అనేది. ముల్లమ్మ టీ మానేసి, భోజనానికి వెళ్ళడం మానేసి, ఆ పాడు డయల్ మీద వంగి కూర్చునేది. సాయంత్రం కోడలు వచ్చి, "ఇప్పుడు బాగుందత్తయ్యా" అంటే ఆమె మొహంలో ప్రాణం వచ్చేది. ఆమె వీధి మలుపు తిరగ్గానే థిన్నర్ వాసన నా షాపులోకి వచ్చేది.

"ఇక చాల్లేవే" అన్నాను ఒకరోజు. "కసి తీరలేదా ఇంకా?"

"లేదక్కా" అంది. అబద్ధం చెప్పలేదు. "తీరుతుందనుకున్నాను. రోజురోజుకీ పెరుగుతోంది."

ఆ మాటకి నాకు భయం వేసింది. లేచి వెళ్ళి ముల్లమ్మకి చెప్పేద్దామనుకున్నాను. ఏమని చెప్పను? నీ కళ్ళు పోయాయి, నీ పని ఉత్తుత్తిది, నీ కోడలు నిన్ను ఆడిస్తోంది అనా? అది చెప్పడానికి కోడలికున్నంత గుండె నాకు లేదు.

అప్పుడు పెద్ద లాంచీ సరంగు వచ్చాడు. అది జనాన్ని అటూ ఇటూ దాటించే లాంచీ, రేవులో అన్నిటికంటే పాతది. అతను పెద్ద గుడ్డ మూట పట్టుకుని నేరుగా కిటికీ పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాన్ని ముల్లమ్మ ఒళ్ళో పెట్టాడు.

"అమ్మా, మా నాన్న ఉన్నప్పుడు ఇవి మీరే రాశారు. మళ్ళీ వెలిసిపోయాయి. నాకు మీ చెయ్యే కావాలి" అన్నాడు.

ముల్లమ్మ రెండు చేతులూ మూట చుట్టూ వేసింది. నేను అప్పటికి అతని లాంచీ టార్పాలిన్ కొలత అడగడానికి వాళ్ళ గుమ్మంలోకి వచ్చి ఉన్నాను. ఆమె మొహం చూశాను. చంటిపిల్లని చేతికిస్తే ఆడవాళ్ళ మొహం అలా అవుతుంది.

"ఇలా ఇవ్వండత్తయ్యా, లోపల పెడతాను" అంది కోడలు తెర వెనక నుంచి వచ్చి.

"అక్కర్లేదు. ఇది నేనే విప్పుతాను. ఇక్కడే విప్పుతాను."

"రేపు చేద్దువుగానిలేమ్మా" అన్నాడు కొడుకు.

"రేపెందుకురా? కుంచె ఇటు తీసుకురా."

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. కోడలు మూట మీద చెయ్యి వేసింది. ముల్లమ్మ ఆ చేతిని విదిలించి కొట్టింది.

"చూశావా బాబూ" అంది సరంగుతో, "ఇన్నేళ్ళొచ్చినా దీనికి నా పని మీదే కన్ను. తుడవడానికి తప్ప దేనికీ పనికిరాని చెయ్యి."

కోడలి మొహం పాలిపోయింది. తరవాత మామూలుగా అయింది. ఆ మామూలు మొహమే నాకు నచ్చలేదు.

"నిజమే అత్తయ్యా" అంది. "తుడవడమే నా పని. మీరు పొద్దంతా రాసింది రోజూ సాయంత్రం నేనే తుడుస్తున్నాను."

"ఏమే, ఊరుకో" అన్నాడు కొడుకు.

"మీరు ఊరుకోండి. జనం ఎక్కే లాంచీ అది." సరంగు వైపు తిరిగింది. "అన్నా, ఆవిడకి కళ్ళు కనబడవు. మొన్న నడి నీళ్ళలో ఇంజిన్ పట్టేసిందే, ఆ మీటరుకి ఎరుపు కుడివైపు వేసింది మా ఆయన కాదు, ఈవిడ. అప్పట్నుంచి ఈవిడకి ఒకే ఒక తుక్కు మీటరు ఇస్తున్నాం. రాస్తుంది, తుడుస్తాం. రాస్తుంది, తుడుస్తాం. మీరందరూ దణ్ణాలు పెట్టి పట్టుకెళ్ళినవన్నీ నేను రాసినవి. ఇదిగో, ఈవిడ రాసేది ఇదీ."

బల్ల మీదున్న డయల్ తీసి అతని చేతిలో పెట్టింది. ఇరవై, నలభై బాగానే ఉన్నాయి. అరవై మీద ఎనభై ఎక్కి కూర్చుంది. సున్నా డయల్ అంచు దాటి బయటికి పోయింది. సరంగు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు. తరవాత వంగి ముల్లమ్మ ఒళ్ళో ఉన్న మూట పట్టుకున్నాడు.

ముల్లమ్మ వదల్లేదు.

"వదలండమ్మా" అన్నాడతను.

ఏ మాటకైనా ఎదురుమాట ఉండే మనిషి. గుడ్డ పట్టుకుని అలాగే కూర్చుంది. అతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మూట తీసుకున్నాడు. తీసుకుని కోడలికిచ్చాడు. "ఎరుపు చూసుకుని వెయ్యమ్మా" అని చెప్పి, మా ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

కోడలికి ఆ రోజు దక్కాల్సింది దక్కింది. ఒక సరంగు ఆమె చేతికి పని ఇచ్చాడు, ఆమె పని అని తెలిసి మరీ ఇచ్చాడు. ఆ మూట పట్టుకుని నిలబడింది గానీ ఎక్కడ పెట్టాలో ఆమెకి తోచలేదు. ముల్లమ్మ గోడ పట్టుకుని లేచి, ఎవరూ తోడు రాకుండానే ఇంటికి నడిచి వెళ్ళింది.

ఇక ఆమె రాదనే అనుకున్నాం. మర్నాడు కొడుకు ఆ కుర్చీ ఎత్తి వెనక గదిలో పెట్టబోతుంటే, గుమ్మంలో ముల్లమ్మ నిలబడి ఉంది. అతను కుర్చీ మళ్ళీ కిటికీ దగ్గరే పెట్టాడు. ఆమె వచ్చి కూర్చుంది. నా మిషన్ ఆపేశాను.

"నా మీటరేదే?" అంది.

కోడలు తెర దగ్గరే ఆగిపోయింది.

"నిన్నేనే. పొద్దెక్కుతోంది."

కోడలు తుడిచిన డయల్ తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి రెండడుగులు వెనక్కి వేసింది. ముల్లమ్మ ఎప్పట్లాగే తల వంచి, ఓరగా చూస్తూ, ఎడమచేతి వేలితో అంచు తడుముకుంటూ రాయడం మొదలుపెట్టింది. ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజంతా నేను ఒక్క కుట్టు కూడా సరిగ్గా వెయ్యలేదు. ఆమె నోరు విప్పి తిడితే బాగుండునని, తిడితే నా పని సాగుతుందని అనిపించింది. తెర వెనక కోడలు పెద్ద లాంచీ మీటరు ముందు కూర్చుంది గానీ కుంచె తియ్యలేదు.

సాయంత్రం అయింది. ముల్లమ్మ లేవలేదు. చీకటి పడుతుంటే కోడలు దూది, థిన్నర్ సీసా వీపు వెనక దాచుకుని దగ్గరికొచ్చింది. నేను వాళ్ళ గుమ్మంలో ఉన్నాను.

"ఆ సీసా ఇటివ్వు" అంది ముల్లమ్మ.

"అత్తయ్యా..."

"నువ్వు తుడిస్తే అంచులో రంగు ఉండిపోతోంది. గట్టిపడి వేలికి తగులుతోంది. మొదటి వారం నుంచీ తగులుతూనే ఉంది. తుడవడమైనా వచ్చనుకున్నాను నీకు."

కోడలు అక్కడే నేల మీద కూలబడింది. మొదటి వారం నుంచీ. అంటే ఆరు పడిపోతోందన్న రోజూ తెలుసు, సున్నా చితికిందన్న రోజూ తెలుసు. అబ్బాయికి చెప్పకే అని బతిమాలినప్పుడూ తెలుసు. ఆ కుర్చీలో కూర్చోనిస్తే చాలని అన్నీ మింగింది.

ముల్లమ్మ దూది తడిపి తుడవడం మొదలుపెట్టింది. ఇరవై పోయింది. నలభై పోయింది. చుట్టూ శుభ్రంగా వచ్చింది. ఆమె సూటిగా చూస్తున్నచోట మాత్రం అరవై అలాగే ఉండిపోయింది.

"పోయిందా?" అని అడిగింది.

"లేదత్తయ్యా. ఒకటుంది."

"ఎక్కడ?"

కోడలు లేచి, ఆమె చెయ్యి పట్టుకుని, వేలు తీసుకెళ్ళి ఆ అరవై మీద పెట్టింది. ముల్లమ్మ అక్కడ రుద్దింది. డయల్ నల్లగా అయింది.

"రేపు కూడా ఇదే ఇవ్వు. వేరేది ఇచ్చావంటే ఊరుకోను" అంది ముల్లమ్మ. "ఇప్పుడిప్పుడే చెయ్యి కుదురుతోంది."